పిట్ట ముట్టని ఆకు

పోచమ్మకు తిండిలో ఏమిష్టమో ఇంట్లో ఒక్కరికీ తెలియదన్న సంగతి ఆమె పోయిన మూడో రోజున బయటపడింది. అప్పటికి తార్నాకలోని ఆమె ఇంటి డాబా మీద విస్తరాకు పరిచి, చుట్టూ నీళ్లు చల్లి, అందరూ కూర్చుని ఉన్నారు.

పిట్టకు పెట్టడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. పోయిన మనిషి ఇష్టపడి తినేవన్నీ వండి, ఆకులో పెట్టి, దూరంగా జరిగి కాకి కోసం ఎదురుచూడాలి. కాకి వచ్చి ముట్టిందా, పోయినవాళ్లు కడుపునిండా తిని తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టలేదా, మనసులో ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు బతికున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి మాట ఇవ్వాలి. ఇచ్చిన మాట దాటడానికి వీల్లేదు. అప్పులవాడికిచ్చిన మాటైనా తప్పొచ్చు గానీ పిట్టకిచ్చిన మాట తప్పితే వంశానికి తగులుతుందంటారు. అంతవరకు ఇంట్లో పసిపిల్లలు తప్ప ఎవరూ ముద్ద ముట్టకూడదు.

ఈ ఇంటి తాత పోయినప్పుడు ఈ బాధ లేకపోయింది. తలకాయ కూర, సీసాడు కల్లు, ఒక చుట్ట. ఆకు పెట్టి వెనక్కి తిరిగేలోపే కాకి వాలింది. ఆయన ఇష్టాయిష్టాలు ఊరందరికీ కంఠతా వచ్చు మరి, రోజూ అరిచి చెప్పేవాడు.

"మటన్ పెట్టున్రి" అన్నాడు పోచమ్మ భర్త భీమయ్య. యూనివర్సిటీలో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. మూడు రోజులుగా గడ్డం గీసుకోక సగం అయిపోయాడు.

"మటన్ నీకిష్టం నాయినా" అంది కూతురు స్వరూప.

"సేమ్యా పాయసం చేస్తుండె గద ఎప్పుడు?" అన్నాడు కొడుకు భూపాల్.

"అది నీ కోసం చేస్తుండె."

పోచమ్మ తమ్ముడు కమలాకర్ నల్లకుంటలో ఉంటాడు, జూనియర్ కాలేజీ లెక్చరర్. ఆయన గొంతు సవరించుకుని, అక్కకు చింతచిగురు పప్పంటే ప్రాణమని చెప్పాడు. తీరా చూస్తే అది ఆయన ప్రాణం. ఆకులో పదార్థాలైతే నిండాయి గానీ అందులో ఉన్నవన్నీ పెట్టినవాళ్ల ఇష్టాలే. స్వరూప ఎంత ఆలోచించినా తన తల్లి ఒక్కసారైనా "నాకిది కావాలె" అన్న జ్ఞాపకం దొరకలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ అమ్మ అడగకుండానే అందరికీ పెట్టింది. ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు.

కాకి రాలేదు. పావురాలు వచ్చాయి. తార్నాకలో కాకులు ఎప్పుడు తగ్గిపోయాయో ఎవరూ గమనించలేదు గానీ పావురాలకు మాత్రం కొదవలేదు. గుంపుగా వాలి ఆకును చిందరవందర చేస్తుంటే కమలాకర్ తువ్వాలుతో తరిమాడు. ఎండ నెత్తికెక్కింది. పెద్ద తమాషా ఏమిటంటే, బతికినన్నాళ్లూ అందరూ తిన్నాక తిన్న మనిషి, పోయాక ఇంటిల్లిపాదినీ ఆకలితో కూర్చోబెట్టి, నేను తిన్నాకే మీరు తినండన్నట్టు రాకుండా ఉండిపోయింది. చివరికి, ఐదో రోజున మళ్లీ పెడదామని, ఆకును ఆవుకు పెట్టి అందరూ తినడానికి లేచారు.

స్వరూప మాత్రం కంచం ముందు నుంచి తినకుండానే లేచింది. దానికి కారణం ఎవరికీ చెప్పలేదు.

ఆమెకు ముప్పై ఏళ్లు. యూనివర్సిటీలో సోషియాలజీ పరిశోధన ముగింపుకు వచ్చింది. ఇల్లు పక్కనే ఉన్నా క్యాంపస్ హాస్టల్లో ఉంటుంది, ఇంట్లో ఉంటే చదువు సాగదని. ఆమె పరిశోధన ఇంటి చాకిరీ మీద. ముషీరాబాద్ గల్లీల్లో, రామంతాపూర్ బస్తీల్లో గడప గడపకూ తిరిగి, ఆడవాళ్లను కూర్చోబెట్టి, "మీరు ఎప్పుడు తింటరమ్మా? ఎవరి తర్వాత తింటరు? ఏం మిగుల్తది?" అని అడిగి, విని, రికార్డు చేసుకుంది. ఇంత తిరిగిన పిల్ల ఆ ప్రశ్న ఇంటికొచ్చి తల్లిని అడగలేదు. ఇంట్లో దీపం పెట్టకుండా వీధికంతా వెలుగు పంచడమంటే ఇదే.

పుణెలోని ఒక పరిశోధనా సంస్థలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. వచ్చే నెలలో చేరాలి. ఆ కబురు మొదట తల్లికే చెప్పింది. ఆ రోజు సాయంత్రం హాస్టల్ నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చి, వంటింటి గడప మీద కూర్చుని, "అమ్మా, నాకు పుణెల నౌకరి వచ్చింది, పోవాల్ననుకుంటున్న" అంది.  పోచమ్మ పొయ్యి మీది నుంచి కూర దించింది. కూతురి ముఖం కేసి ఒకసారి చూసింది. "ముందుగాల అన్నం తిను. పొద్దుగాల మాట్లాడుదం" అంది.

పొద్దున పోచమ్మ లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

అందుకే పిట్ట ముట్టకపోతే అందరికన్నా ఎక్కువ భయపడింది స్వరూపే. పొద్దున మాట్లాడదామన్న మాట ఏమిటి? పో బిడ్డా అనేదా? పోకు అనేదా? చదువుకున్న బుర్ర కాకి గురించి ఎన్నో చెబుతోంది. కడుపులో ఉన్న భయం ఒక్కటే చెబుతోంది: నువ్వు పోవడం ఆమెకు ఇష్టం లేదు, అందుకే తినడం లేదు.

ఆ ఇంట్లో అప్పటి నుంచి మధ్యాహ్నాలు బాగుండలేదు. అందరూ నడుం వాల్చిన వేళ వంటింట్లో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడయ్యేది. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. సరే, పిల్లి అనుకోవచ్చు. అసలు భయం అది కాదు. భీమయ్యకు భార్యను పేరుపెట్టి పిలిచే అలవాటు ఎన్నడూ లేదు. కుర్చీలో కూర్చుని గాలిలోకి "ఏమేవ్" అనేవాడు, ఎక్కడున్నా ఆమె పలికేది. ఒకరోజు అలవాటు కొద్దీ "ఏమేవ్, చాయ్" అన్నాడు.

"ఆఁ, తెస్తున్న" అని వంటింట్లో నుంచి పోచమ్మ గొంతు పలికింది.

భీమయ్య కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. భూపాల్ భార్య భార్గవి గది తలుపు పట్టుకుని వంటింట్లోకి తొంగిచూసింది. ఆ పిల్లది ప్రొద్దుటూరు, ఐదో నెల కడుపుతో ఉంది. పొయ్యి దగ్గర నిలబడి ఉన్నది స్వరూప. కొంగు నడుముకు దోపుకుని ఉంది. చీర కట్టే అలవాటు లేని పిల్ల అమ్మ చీర ఎప్పుడు కట్టుకుందో ఆమెకే తెలియదు.

"నువ్వా వదినా! అత్తమ్మ అనుకొంటి. నా గుండె ఆగిపోయింది" అంది భార్గవి.

 ఆ గొంతు తనదని స్వరూపకూ పలికాకే తెలిసింది. దయ్యాలు వేపచెట్ల మీద ఉంటాయని చెప్పినవాళ్లకు ఏమీ తెలియదు. అవి ఆడపిల్లల గొంతులో, చేతుల్లో ఉంటాయి. ఇంట్లో ఒక మనిషి ఖాళీ కాగానే పక్కనున్న ఆడమనిషిలోకి చప్పుడు లేకుండా దూరతాయి. స్వరూప తెల్లవారకముందే లేస్తోంది. ఎవరూ అడగకముందే మంచినీళ్లు అందిస్తోంది. అందరూ తిన్నాక నిలబడి తింటోంది. ఎవరూ ఆమెను అలా చేయమని చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

ఐదో రోజు ఆకును క్యాంపస్‌కు తీసుకెళ్లారు. అక్కడ చెట్లున్నాయి, కాకులుంటాయి. పాత క్వార్టర్ల వెనక రాళ్లగుట్ట దగ్గర జాగా చూశాడు భీమయ్య. ముప్పై ఏళ్లు పనిచేసిన చోటు కాబట్టి వాచ్‌మెన్ ఉప్పలయ్య ఏమీ అనకుండా పక్కకు తప్పుకున్నాడు. చెట్ల కింద గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటున్న పిల్లలు పుస్తకాల మీది నుంచి తలెత్తి చూసి మళ్లీ దించుకున్నారు. కాకులు కొమ్మల మీద బాగానే కూర్చున్నాయి, దిగలేదు. చివరికి పొదలో నుంచి ఒక నెమలి నింపాదిగా నడుచుకుంటూ వచ్చి, పాయసంలో ముక్కు పెట్టి విదిలించుకుని పోయింది.

"నెమలి లెక్కల్కి రాదా పెద్దమ్మా? అది గూడ పిట్టనే గద" అన్నాడు భూపాల్, ఆకలికి తాళలేక.

శివమ్మ పోచమ్మకు అక్క, జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది. మీ అమ్మ నెమలెక్కి వస్తదారా?" అని కసిరింది.

అప్పుడు కమలాకర్ లేచి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పాఠం చెప్పే ముందు ఆయన అలాగే నిలబడతాడు.

"అక్క కోరిక ఏందో నాకు ఎర్కే" అన్నాడు.

"ఏంది మామా?" అంది స్వరూప.

"నువ్వే. ఆమెకు నీ రందే ఉండె. ఇల్లు పక్కన పెట్టుకొని హాస్టల్ల ఉండుడేంది? బావకు బువ్వ ఎవలు పెట్టాలె? రేపు భార్గవి కాన్పైతది, పసిపిల్లను ఎవలు చూడాలె? నువ్వు ఇంటికాడనే ఉంట అని ఒక్క మాటియ్యి. చదువు బంజేయమంటలేను. ఇంట్ల కూసోనే రాసుకో."

ఎంత మెత్తగా అన్నాడంటే, కాదనడానికి పట్టు దొరకలేదు. భూపాల్ తల ఊపాడు. భీమయ్య కూతురి వైపు ఆశగా చూశాడు. అదే చూపుతో ఆయన రోజూ కంచం ముందు కూర్చునేవాడు.

"దినం నాడు ఇస్తది తియ్" అని శివమ్మ సర్దిచెప్పి ఆకు ఎత్తించింది. ఇంటికొచ్చాక స్వరూపను పక్కన కూర్చోబెట్టుకుని, తల నిమిరి, మనసు మెత్తబడుతుందని ఒక కథ చెప్పింది.

"మా అమ్మ పోయినప్పుడు గూడ గిట్లనే అయింది బిడ్డా. పిట్ట పొద్దెక్కేదాంక రాలే. గీ కమలాకర్ అప్పుడు చంటిపిల్లగాడు, పాలకు ఏడుస్తున్నడు. నాకు లగ్గమై పోయింది. అందరు ఏదేదో మాటిచ్చిన్రు, పిట్ట కదల్లే. మీ అమ్మ ఏడో తరగతి చదువుతుండె. ఎవలో దాన్ని ముందుకు నూకిన్రు. అది ఆకు ముందల నిలబడి, 'అమ్మా, తమ్మున్ని నేను సాదుకుంట, బడి బంజేస్త' అన్నది. మాట నోట్ల ఉండంగనే పిట్ట వాలింది. నీ వయసుల సగం లేదు దానికి. ఎంత ధైర్యమో చూడు."

కమలాకర్ కళ్లు తుడుచుకున్నాడు. "మా అక్క దేవత" అన్నాడు.

 ఇన్నేళ్లలో తల్లి ఈ సంగతి స్వరూపతో ఒక్కసారీ అనలేదు. "పిట్టకు ఆకలైందేమో పెద్దమ్మా, అందుకొచ్చిందేమో" అంది.

"చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే" అని శివమ్మ చెయ్యి తీసేసింది.

ఆ రోజు నుంచి స్వరూపకు తల్లి పెద్దమనిషిగా కనబడటం మానేసింది. రెండు జడల పిల్లలా, ఆకు ముందు నిలబడి, ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోస్తుంటే తూలిన పిల్లలా కనబడేది. గిన్నె తోముతుంటే పక్కన, హాస్టల్‌కు వెళ్లి పుస్తకాలు సర్దుకుంటుంటే కిటికీ దగ్గర. ఆ పిల్ల ఏమీ మాట్లాడేది కాదు. నువ్వు కూడా నాలాగే నిలబడతావా అని అడగడానికి వచ్చిందో, నిలబడమని చెప్పడానికి వచ్చిందో ఎంతకీ తేలేది కాదు. దినానికి ముందురోజు స్వరూప పుణె వాళ్లకు రాలేనని మెయిల్ టైపు చేసింది. పంపలేదు, తీసెయ్యనూ లేదు. రేపు పిట్ట ముందు ఒక మాట అనేస్తే అన్నీ సర్దుకుంటాయనిపించింది. నాన్న తింటాడు, మామ సంతోషిస్తాడు, అమ్మ తింటుంది. మనిషికి అంతకన్నా ఏం కావాలని తనకు తానే నచ్చచెప్పుకుంది. ఆ నచ్చచెప్పుకునే గొంతు కూడా తల్లిదే.

దినం రోజు పొద్దున్నే మళ్లీ క్యాంపస్ గుట్ట దగ్గరికి చేరారు. ఈసారి కమలాకర్ ఏ లోటూ రాకూడదని మటన్, చేపలు, గారెలు, బూరెలు, కల్లు, చివరికి ఒక కూల్‌డ్రింకు సీసా కూడా తెచ్చిపెట్టాడు. తెలియని జవాబుకు పేజీలు నింపే విద్యార్థి పని చేశాడు లెక్చరరు గారు. కాకులు కొమ్మల మీద కూర్చుని చూశాయి. ఎండ చురుక్కుమనేదాకా చూశాయి.

మాటలు మొదలయ్యాయి.

"అక్కా, స్వరూప ఇంటికాడనే ఉంటది, నాది పూచీ" అన్నాడు కమలాకర్.

"అమ్మా, అక్కను మంచిగ చూసుకుంట" అన్నాడు భూపాల్.

"పిల్లను ఏడికీ పంపను. నువ్వు రంది పడకు" అన్నాడు భీమయ్య.

ముగ్గురు మగవాళ్లు మూడు మాటలిచ్చారు. మూడింటిలోనూ ఇచ్చింది స్వరూపనే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరూ తన దగ్గరున్నది తీసి పెట్టలేదు. కాకులకు ఆ సంగతి తెలుసో లేదో గానీ ఒక్కటీ కదల్లేదు.

"నువ్వనాలె బిడ్డా" అంది శివమ్మ. స్వరూప వీపు మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకు తోసింది.

ఆ చెయ్యి తగలగానే స్వరూప తూలింది. ఆకు ముందు నిలబడింది.  పెదవి దాటితే పృథివి దాటుతుంది, దాటనిస్తే పీడ వదులుతుంది. "అమ్మా, నేను…" అంది.

అంతలో వెనక రెక్కల చప్పుడైంది.

ఆకు దగ్గర కాదు. కాస్త దూరంలో, నల్లా పక్కన, భార్గవి ఆకులో వడ్డించాక ఖాళీ అయిన అన్నం గంజును కడుగుదామని అడుగున అంటుకున్న మాడును గరిటెతో గీకి బండ మీద పోసింది. నల్లగా, చెక్కులు చెక్కులుగా ఉన్న ఆ మాడు మీద కాకి వాలింది. అటూ ఇటూ చూడలేదు. గబగబా, ఎవరో పిలిచేలోపు ముగించాలన్నట్టు తినసాగింది. ఇంకో రెండు దిగాయి.

"ముట్టింది! ముట్టిందిరా!" అని శివమ్మ రెండు చేతులూ జోడించింది. భూపాల్ హమ్మయ్య అని కూలబడ్డాడు. భీమయ్య ఏడుస్తూ నవ్వాడు.

"అవును, ఆమెకు అదే ఇష్టం! నేను మర్సిపోయిన. గంజు అడుగుదే తింటుండె ఎప్పుడు. నేను వద్దన్నా వినకపోతుండె. 'నాకు గిదే కమ్మగుంటది' అంటుండె" అన్నాడు.

"ఇష్టమైందే తిని పోయింది తల్లి" అన్నాడు కమలాకర్. "స్వరూప మాట అందింది. చూసిన్రా, అమ్మా నేను అన్నదో లేదో వచ్చింది."

అందరి ముఖాల్లో వెలుగొచ్చింది. తినడానికి లేవబోతున్నారు. స్వరూప మాత్రం కాకిని చూస్తూ ఉండిపోయింది. నల్లటి మాడును అది ముక్కుతో పొడిచి పొడిచి మింగుతోంది. ఆకులో గారెలు, బూరెలు, మటన్ అలాగే ఉన్నాయి.

"పెద్దమ్మా, చిన్నప్పుడు అమ్మకు మాడంటే ఇష్టమా?" అని అడిగింది.

శివమ్మ నవ్వుతూనే జవాబు మొదలుపెట్టింది. "యాడిష్టం? అది పెట్టే లొల్లి నీకేం తెల్సు. కంచంల నల్లటి మెతుకు ఒక్కటి కనవడితె తీసి అవతల పారేసి ఏడుస్తుండె. అమ్మ దానికి నడిమి నడిమి తెల్ల బువ్వ ఏరి…"

మాట మధ్యలోనే ఆగిపోయింది. ముసలావిడ చేతులు పక్కకు జారాయి.  భార్గవి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. బండ మీది చివరి చెక్కు తిని కాకి ఎగిరిపోయింది. తల్లి ఇన్నేళ్లు తిన్నది ఇష్టమై కాదు. పోయాక కూడా, ఇంత పరిచి పెట్టినా, అలవాటు కొద్దీ అడుగుకే వెళ్లింది. అది నిజంగా తల్లి కాదని, ఉత్త కాకి అని స్వరూప తనకు తాను చెప్పుకుంది. నమ్మలేకపోయింది. తండ్రి వైపు తిరిగింది.

"నాయినా, నువ్వు నిజంగనే నమ్మినవా? కమ్మగుంటదంటే నమ్మినవా?"

భీమయ్య నేల చూశాడు. "నమ్మిన బిడ్డా" అన్నాడు. మళ్లీ గొంతు తగ్గించి, "నమ్మితె నాకు మంచిగుండె" అన్నాడు.

కమలాకర్‌కు ఈ సాగదీత నచ్చలేదు. "ఏదైతేంది, ముట్టింది గద. ఇగ లేవున్రి, ఆకలైతున్నది" అన్నాడు.

"ఆకు ముట్టలే మామా" అంది స్వరూప. "నేను మాట గూడ ఇయ్యలే."

"ఏంది?"

"నాకు పుణెల నౌకరి వచ్చింది. వచ్చే నెల పోతున్న. అమ్మకు చెప్పిన. ఆమె ఏమన్నదో… ఏమనకముందుకే పోయింది."

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" కమలాకర్ గొంతు పెరిగింది. చెట్ల కింద పిల్లలు మళ్లీ తలెత్తారు. "కడుపుతోని ఉన్న పిల్లను, ముసలి తండ్రిని ఇడిసిపెట్టి పోతవా? అక్క ఆత్మ కొట్టుకుంటది, ఎర్కేనా? జన్మంత నిన్ను ఇడువది."

ఆ మాట స్వరూపను తగలవలసిన చోటే తగిలింది.  తల్లి నిజంగా వదలకపోవచ్చునని ఆమెకు తెలుసు. పుణెలో కూడా మధ్యాహ్నం గిన్నె మీద మూత చప్పుడవుతుంది. అయినా అంది.

"కొట్టుకోనీ మామా. నా ఎంబడే ఉండనీ. నిన్ను సాదుతనని బడి బంజేసింది, దేవతన్నవు. నన్ను మల్ల దేవతను చెయ్యకున్రి."

 కమలాకర్‌వి అక్క గురించి ఏడ్చిన కళ్లే, ఇప్పుడు ఎటు చూడాలో తెలియక కండువా వెతుక్కున్నాయి. "పెద్ద చదువులు" అని గొణిగి భూపాల్‌ను పిలుచుకుని ఇంటి దారి పట్టాడు. శివమ్మ ఒకసారి స్వరూప ముందు ఆగింది, తర్వాత భార్గవి చెయ్యి పట్టుకుని నడిచింది. పోతూ పోతూ భార్గవి వెనక్కి తిరిగి, "నువ్వు పో వదినా. నేను, ఆయన చూసుకుంటాములే" అంది. ఆ "ఆయన" అన్న మాట భూపాల్‌కు వినబడేలా కాస్త గట్టిగానే అంది.

భీమయ్య మాత్రం కదల్లేదు. ఆకు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు.

"ఇంటికి పో నాయినా. తినుపో, షుగర్ పడిపోతది."

"ఆమె తినలే గద ఇంక" అన్నాడు. "గా మాడు తిండి గాదు."

స్వరూప పక్కనే కూర్చుంది. ఎండ చెట్ల మీంచి పక్కకు జరిగింది. ఉప్పలయ్య ఒకసారి వచ్చి చూసి, ఏమీ అడగకుండా మంచినీళ్ల సీసా పెట్టి వెళ్లాడు. గారెలకు చీమలు పట్టాయి. కాకులు ఒకటొకటిగా వేరే చెట్లకు వెళ్లిపోయాయి.  అన్నేళ్లూ పోచమ్మ ఒక్కతే వంటింట్లో ఎదురుచూసింది. ఇప్పుడు వీళ్లిద్దరూ ఆకలితో ఆమె కోసం ఎదురుచూశారు.

చివరికి భీమయ్య చేతులు జోడించాడు.

"పోచమ్మా" అన్నాడు. ఆ పేరు ఆయన నోట వినడం స్వరూపకు అదే మొదటిసారి. ఎవరో పరాయి మనిషిని పిలిచినట్టు, బెరుకుగా అన్నాడు. "పోచమ్మా, నేను మాటిస్తున్న. పిల్ల పోతది. నా బువ్వ నేను వండుకుంట."

ఇద్దరూ చెట్టు వైపు చూశారు. కొమ్మ మీద ఆకు కూడా కదల్లేదు. కాకి రాలేదు. రాదని తెలిశాక కూడా కొంతసేపు చూశారు. తల్లి సరేనందో, కాదందో, అసలు విన్నదో లేదో, ఇక ఎన్నటికీ తెలియదని స్వరూపకు అప్పుడర్థమైంది. ఆ తెలియనితనం మోసుకునే పోవాలి.

భీమయ్య మోకాళ్లు పట్టుకుని లేచి, పంచె దులుపుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, బడిపిల్లాడిలా సిగ్గుపడుతూ అడిగాడు.

"బిడ్డా, బియ్యంల నీళ్లు ఎన్ని పొయ్యాలె?"

"నువ్వు కూసో నాయినా, నేను పెడత" అన్న మాట స్వరూప గొంతులోకి వచ్చేసింది. అది తల్లి గొంతు. అదే మెత్తదనం, అదే తొందర. నాలుక మీదికి వచ్చి నిలబడింది, వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టు. స్వరూప పళ్లు బిగబట్టింది. కళ్ల నుంచి నీళ్లు కారాయి గానీ నోరు తెరవలేదు. అది వెనక్కి పోయేదాకా ఆగి, అప్పుడు తన గొంతుతో చెప్పింది.

"ఒకటికి రెండు నాయినా."